ఫ్రంట్ యార్డ్‌లో పాడుబడ్డ చర్చి గోడ: హాలోవీన్‌కి ఫోమ్ షీట్లతో శిథిలం కట్టడం ఎలా

2020లో అమెరికాలో ఇంటి మరమ్మతు సామాన్ల దుకాణం హోమ్ డిపో 12 అడుగుల అస్థిపంజరాన్ని అమ్మకానికి పెట్టినప్పటి నుంచి, అక్టోబరు వస్తే ప్రతి సబర్బులోనూ అదే ఎముకల గూడు కనిపిస్తోంది. కొనుక్కుని నిలబెడితే పనైపోతుంది. శిథిలం అలా కాదు. పెట్టెలో పెట్టి ఎవరూ అమ్మరు, కూర్చుని చెక్కుకోవాల్సిందే. రంపం, డ్రిల్లు పట్టడం వచ్చినవాళ్లకి నాలుగు వీకెండ్లు చాలు. సెప్టెంబరు రెండో వారంలో మొదలుపెడితే అక్టోబరు 31కి తాపీగా తయారవుతుంది. అక్టోబరు పదిహేను దాటాక మొదలుపెట్టకండి, చలి ఊళ్లలో రంగు ఆరదు. ఎందుకో కింద వస్తుంది.

ఇక్కడ చెప్పేది ఒకే నమూనా: 8 అడుగుల వెడల్పున్న పాత చర్చి గోడ, మధ్యలో మొనదేలిన కమాను కిటికీ, ఒక మూల మలుపు, విరిగిన రెండు స్తంభాలు, కింద రాళ్ల కుప్ప. ఇరవై ముప్ఫై అడుగుల యార్డ్‌కి ఇది సరిపోతుంది. ఇంతకంటే ఎక్కువ పెడితే శిథిలం కాస్తా సామాను కొట్టులా ఉంటుంది.

ముందు ఏం కూలిందో తేల్చుకోండి

ఇళ్లలో చేసిన శిథిలాలు తేలిపోవడానికి రంగు కారణం కాదు, విరుపు. గోడ పైభాగాన్ని మెరుపు గీతలా వంకరటింకరగా కోసేస్తారు. రాతి కట్టడం అలా విరగదు. అతుకుల వెంట, రాయి రాయిగా ఊడుతుంది. అందుకే విరిగిన అంచు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎక్కడో ఒక రాయి మూల మాత్రం పగిలి ఉంటుంది.

ఏది ముందు పడుతుందో కూడా తెలియాలి. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1541 మధ్య మఠాలన్నీ మూయించాడు. వాటి కప్పుల మీది సీసం ఊడదీసి అమ్మేశారు. కప్పు పోయాక వాన నేరుగా గోడల తలల్లోకి దిగి, పై వరుసల్లోని సున్నాన్ని కడిగేసింది. టింటర్న్, విట్బీ మఠాలు ఈ రోజు కనిపించే తీరు ఇందుకే: కప్పు లేదు, పై అంచులు కరిగిపోయాయి, కిటికీల కమానులూ మూలలూ మాత్రం నిలిచాయి. గోల్కొండ ఎక్కినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. ఓరుగల్లు కోటలోనూ గుడి నేలమట్టమైంది, నాలుగు తోరణాలు నిలబడ్డాయి.

మన గోడకి ఇందులోంచి మూడు నియమాలు తీసుకుందాం. మూల ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే రెండు గోడలు ఒకదాన్నొకటి పట్టుకునేది అక్కడే. కమాను ఉంటే పూర్తిగా ఉండాలి, దాని మీద కనీసం ఒక వరుస రాయి ఉండాలి. సగం కమాను కొస దాకా గాలిలో వేలాడటం జరిగే పని కాదు. రెండో సగం లేకపోతే మొదటిది నిలవదు. మూడోది: ఎటువైపు గోడ తగ్గిందో ఆ వైపే, ఆ కొలత రాళ్లే కింద పడి ఉండాలి.

చోటు, అనుమతులు

సైడ్‌వాక్ మీద నిలబడి చూడండి, ఇంటి గుమ్మం దగ్గర నిలబడి కాదు. చూసేవాళ్లు ఉండేది అక్కడే. గోడ సైడ్‌వాక్‌కి 10 నుంచి 15 అడుగుల లోపలికి ఉంటే మంచిది. దగ్గరైతే ఫోమ్ అని తెలిసిపోతుంది, దూరమైతే చెక్కిన పనంతా చీకటి పాలవుతుంది. గుమ్మానికి వెళ్లే దారి 4 అడుగులు ఖాళీగా వదలండి. స్ట్రోలర్లూ వీల్‌చైర్లూ వస్తాయి.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే అలంకరణలు ఏ తేదీ నుంచి పెట్టొచ్చో, ఎప్పటికి తీసేయాలో నిబంధనల్లో చూసుకోండి. తర్వాత 811కి ఫోన్ చేయండి, తవ్వే ముందు భూమిలోని లైన్లు గుర్తు పెట్టించే నంబరు అది. నేలలో కడ్డీ దిగ్గొట్టినా తవ్వకం కిందే లెక్క. రెండు మూడు పనిదినాల ముందు చెబితే ఉచితంగా వచ్చి గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, ఫోన్ కేబుళ్లకి నారింజ, నీటికి నీలం గీతలు వేసి వెళ్తారు. అయితే మీ స్ప్రింక్లర్ పైపులు సొంత ఆస్తి కాబట్టి వాళ్లు గుర్తు పెట్టరు. అవి అడుగు లోతులోపే ఉంటాయి. స్ప్రింక్లర్ ఒకసారి తిప్పి, ప్రతి హెడ్ దగ్గరా చిన్న జెండా గుచ్చండి. రెండు హెడ్ల మధ్య సరళరేఖలో పైపు ఉందనుకుని కడ్డీలను దానికి దూరంగా దింపండి.

సామాను

గోడకి 2 అంగుళాల మందం ఉన్న ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఇన్సులేషన్ ఫోమ్ తీసుకోండి. హోమ్ డిపోలోనూ, అలాంటిదే అయిన లోస్‌లోనూ 4 అడుగులు × 8 అడుగుల షీట్లుగా దొరుకుతుంది. గులాబీ రంగులోనో నీలం, బూడిద రంగుల్లోనో ఉంటుంది. తెల్లటి పూసల ఫోమ్ చవకే కానీ వద్దు. గీసిన చోటల్లా పూసలు ఊడి యార్డంతా మంచు పడ్డట్టు అవుతుంది, అంచు నిలవదు. షీట్లు నాలుగు కావాలి, తప్పుకోతలకి ఇంకొకటి. ఒక్కో షీటు బరువు ఎనిమిది పౌన్లే, కానీ కారు టాప్ మీద కడితే హైవేలో తెరచాపలా లేస్తుంది. పికప్ అద్దెకి తీసుకోండి, లేదా డెలివరీ పెట్టించుకోండి.

వెనక చట్రానికి 8 అడుగుల 2×3 కర్రలు 12. అర అంగుళం లావు, 36 అంగుళాల పొడవున్న ఇనుప కడ్డీలు 6: గోడకి నాలుగు, స్తంభాలకి రెండు. 50 పౌన్ల ఇసుక బస్తాలు 4. రెండున్నర అంగుళాల డెక్ స్క్రూలు ఒక డబ్బా, 3 అంగుళాలవి 60, వాటికి ప్లాస్టిక్ వాషర్లు, కడ్డీలను కర్రకి బిగించే పైపు క్లాంపులు. స్తంభాలకి కాంక్రీటు పోసే అట్ట గొట్టాలు: 10 అంగుళాల వ్యాసం, 4 అడుగుల పొడవు, రెండు.

జిగురు విషయంలో జాగ్రత్త. మామూలు కన్‌స్ట్రక్షన్ జిగురులో ఉండే ద్రావకం ఫోమ్‌ని తినేస్తుంది. ట్యూబు మీద ఫోమ్‌బోర్డుకి పనికొస్తుందని రాసి ఉండాలి. అవి ఆరు ట్యూబులు తీసుకోండి. కానీ ఫోమ్ మీద ఫోమ్ అతికించేటప్పుడు అదీ తొందరగా ఆరదు. రెండు వైపులా గాలి చొరబడదు కాబట్టి లోపల రోజుల తరబడి తడిగానే ఉంటుంది. అక్కడ గ్రేట్ స్టఫ్ లాంటి ఉబ్బే ఫోమ్ వాడండి: పల్చగా పూసి, కొంచెం నీళ్లు చిలకరించి, రెండు ముక్కలూ కలిపి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. బరువు పెట్టకపోతే అదే ఉబ్బి ముక్కల్ని విడదీస్తుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, అంటుకుంటే వారం దాకా వదలదు.

గోడ గీయడం, కోయడం

రెండు షీట్లు పక్కపక్కన నిలువుగా పెడితే 8 అడుగుల చదరం. మధ్య అతుకు కమాను కొస మీదుగా పోతుంది, అంటే ఒక్కో షీటులో సగం కిటికీ. గరాజ్ నేల మీద రెండింటినీ కలిపి పరచండి. పైన పల్చని ప్లాస్టిక్ పొర ఉంటే ఇప్పుడే ఒలిచేయండి. ఉంచేస్తే తర్వాత రంగంతా దానితోపాటే ఊడొస్తుంది. కంపెనీ పేరు అచ్చేసిన వైపు వెనక్కి తిప్పండి.

రాయి కొలత 8 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల పొడవు. 96 అంగుళాల గోడకి సరిగ్గా 12 వరుసలు. సుద్ద దారంతో అడ్డగీతలు కొట్టి, నిలువు గీతలు ఒక వరుసకీ పై వరుసకీ అరరాయి జరిపి గీయండి. అన్నీ ఒకే పొడవుంటే సిమెంటు ఇటుకల గోడలా ఉంటుంది. అక్కడక్కడా రెండు 16 అంగుళాల రాళ్లకి బదులు ఒక 20, ఒక 12 పెట్టండి.

కిటికీ అడుగు నేల నుంచి 24 అంగుళాలు, అంటే మూడు వరుసల పైన. వెడల్పు 36. నిలువు వైపులు 48 అంగుళాల దాకా నేరుగా వెళ్తాయి, అక్కడి నుంచి వంపు. మొనదేలిన కమాను గీయడానికి మేకు, దారం చాలు. 48 అంగుళాల ఎత్తులో కిటికీ ఎడమ అంచు మీద మేకు పెట్టి, 36 అంగుళాల దారంతో కుడి అంచు నుంచి పైకి చాపం గీయండి. తర్వాత కుడి అంచు మీద మేకు పెట్టి ఎడమ నుంచి గీయండి. రెండూ కలిసే చోటు వంపు మొదలైన చోటికి 31 అంగుళాల పైన, నేల నుంచి 79 అంగుళాల దగ్గర వస్తుంది. రాకపోతే దారం సాగిందని అర్థం. సాగని ట్వైన్ వాడండి.

కిటికీ బదులు గుమ్మం పెడదామనిపిస్తుంది, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ గుమ్మం ఉంటే పిల్లలు అందులోంచి దూరతారు, వెనక కడ్డీలూ వైర్లూ ఉన్నాయి. కిటికీయే మేలు.

ఇప్పుడు విరుపు. ఎడమ మూల పూర్తి 96 అంగుళాలు. అక్కడి నుంచి కిటికీ వైపు ఒక వరుస తగ్గి 88. కమాను మీదుగా అదే ఎత్తు. కిటికీ కుడి అంచు దాటగానే 80, 72, 64, 56 అంటూ నాలుగు మెట్లు దిగి కుడి చివర ముగుస్తుంది. ఒక్కో మెట్టు ఏడున్నర అంగుళాల వెడల్పు అనుకోండి, కానీ ఒకటి 6, ఒకటి 9 చేయండి. రెండు చోట్ల రాయి మూల పగిలినట్టు ఏటవాలుగా కోయండి. రెండు చోట్లే.

పొడవైన బ్లేడున్న స్నాప్ కత్తితో మూడు నాలుగు గీతల్లో కోయవచ్చు. వేడి తీగ కట్టర్ ఉంటే సులువు. వేడి పరికరం ఏది వాడినా బయట, గాలి మీకు వీపు వైపు నుంచి వీచేలా నిలబడి వాడండి. కాలిన పాలీస్టైరీన్ పొగ మంచిది కాదు. దుమ్ము మాస్కు ఆ పొగని ఆపదు, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జులున్న మాస్కు కావాలి.

మందం

సైడ్‌వాక్ మీంచి చూసేవాడికి అబద్ధం ముందు దొరికేది ఇక్కడే. రాతి గోడ అడుగున్నర, రెండడుగుల మందం ఉంటుంది. కిటికీ అంచులో 2 అంగుళాలు కనిపిస్తే ఎంత బాగా రంగేసినా నాటకం తెరలా ఉంటుంది. గోడంతా మందంగా చేయక్కర్లేదు. కన్ను ఎక్కడ మందాన్ని కొలుస్తుందో అక్కడ చేస్తే చాలు: కిటికీ చుట్టూ, విరిగిన పై అంచు వెంట, కుడి చివర.

ఈ అంచుల వెనక 4 అంగుళాల వెడల్పు ఫోమ్ పట్టీలు రెండు పొరలు అతికించండి. మొత్తం 6 అంగుళాలవుతుంది. రాత్రి వెలుగులో అది అడుగంత లోతుగా కనిపిస్తుంది. కమాను వంపుకి పొడవు పట్టీ వంచాలని చూడకండి, విరుగుతుంది. 8 అంగుళాల ముక్కలుగా, కొంచెం ఏటవాలు చివర్లతో కోసి ఒకదాని పక్కన ఒకటి అతికించండి. నిజమైన కమాను కట్టేది కూడా అలాంటి రాళ్లతోనే కాబట్టి ఆ అతుకులు దాచే పని లేదు.

మూడో షీటులో 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ముక్క కోసి, ఎడమ మూలలో వెనక్కి మలిచిన పక్కగోడగా పెట్టండి. దీని చివర కూడా మెట్లుగా విరగాలి. మూల దగ్గర ముందుగోడ రాళ్ల వరుసలు పక్కగోడలో అదే ఎత్తులో కొనసాగాలి. ఒక్క అంగుళం తేడా వచ్చినా రెండు వేర్వేరు బోర్డులని పట్టించేస్తుంది. మిగిలిన ముక్కలూ నాలుగో షీటూ పట్టీలకీ, పడిపోయిన రాళ్లకీ.

రాయిగా మార్చడం

అతుకు గీతలు పావు అంగుళం లోతు, అంతకంటే కొంచెం ఎక్కువ వెడల్పు ఉండాలి. కత్తితో రెండు వైపుల నుంచి వాలుగా గీసి ముక్క లేపొచ్చు, లేదా పాత సోల్డరింగ్ ఐరన్‌తో గీయొచ్చు. స్కేలు పెట్టి గీయకండి, చెయ్యి కొంచెం వణకాలి. తర్వాత ప్రతి రాయి అంచునీ బొటనవేలితో నొక్కి గుండ్రం చేయండి. వానకి ముందు అరిగేవి మూలలే.

రాతి ముఖానికి వైరు బ్రష్షుతో అన్ని వైపులా గీకండి. అల్యూమినియం ఫాయిల్‌ని గట్టి ఉండ చేసి తిప్పుతూ ఒత్తండి. ఒక్కో రాయిని ఒక్కోలా ఒత్తాలి. చివర్లో హీట్ గన్ 8, 10 అంగుళాల దూరం నుంచి ఆగకుండా ఒకసారి ఆడించండి. నూగంతా కరిగి పైపొర గట్టిపడుతుంది. ఒకచోట రెండు సెకన్లు ఆగితే గుంట పడుతుంది. రెండు మూడు గుంటలు పడినా నష్టం లేదు, రాయికి అందమే.

మామూలు స్ప్రే పెయింటు ఉత్త ఫోమ్‌ని కరిగిస్తుంది. తెలియక గోడంతా స్ప్రే చేస్తే పాడవుతుంది. తెలిసి అక్కడక్కడా అడుగు దూరం నుంచి పల్చగా పొగలా కొడితే పురుగు తిన్న సున్నపురాయిలా చిల్లులు పడతాయి. ముందు తుక్కు ముక్క మీద పరీక్షించండి.

రంగు: ముదురు నుంచి లేతకి

బయట వాడే ఫ్లాట్ లేటెక్స్ పెయింటు మాత్రమే తీసుకోండి. మెరిసే రంగు మీద లైటు పడితే ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది. మొదటి పూత దాదాపు నలుపు బూడిద, ఒక గాలన్. అతుకుల్లోకి బ్రష్షుతో పొడుచుకుంటూ వెళ్లాలి, గులాబీ చుక్క ఒక్కటి మిగిలినా టార్చిలో మెరుస్తుంది. ఈ పూతకి బదులు డ్రైలాక్ అనే గోడల వాటర్‌ప్రూఫింగ్ రంగుని నల్లరంగు కలిపి వాడితే ఇసుక గరుకు వస్తుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ.

ఆరాక మధ్యస్థ బూడిద రంగు. నలుపూ తెలుపూ కలిపిన బూడిద సిమెంటులా ఉంటుంది, అందుకని కొంచెం మట్టి గోధుమ కలపండి. పొట్టి నూగు రోలర్‌తో, దాదాపు ఆరిపోయిన రంగుతో పైపైన దొర్లించండి. అతుకుల్లోకి దిగకూడదు. మూడోది డ్రై బ్రష్: వెడల్పు బ్రష్షుని లేత రంగులో ముంచి, అట్ట మీద తుడిచి, మిగిలిన తడితో అంచుల్ని తాకించండి. ఇక్కడితో గోడ లేచి నిలబడుతుంది.

ఆఖరున మురికి. ఒక పాలు నలుపు గోధుమ రంగుకి పది పాళ్లు నీళ్లు స్ప్రే సీసాలో కలిపి, గోడ నిలువుగా ఉండగా పై నుంచి కొట్టి కారనివ్వండి. వాన కారే చోట్లే మరకలుండాలి: కిటికీ అడుగు కింద, విరిగిన మెట్ల కింద. పాచి ఆకుపచ్చ కింది రెండు వరుసల్లోనూ అడ్డ అతుకుల్లోనూ మాత్రమే. తడి నిలిచే చోటే నాచు పడుతుంది. గోడంతా పచ్చ చల్లితే అది నాచు కాదు, హోళీ.

లేటెక్స్ రంగు 50 ఫారెన్‌హీట్ డిగ్రీల కింద సరిగా పొర కట్టదు, ఆరినట్టే ఉండి మంచు పడగానే పొడిగా రాలుతుంది. డాలస్‌లో అక్టోబరు నెలంతా పగటిపూట ఇబ్బంది ఉండదు. షికాగో, న్యూజెర్సీల్లో అక్టోబరు మొదటి వారానికి రంగు పని అయిపోవాలి, లేదంటే గరాజ్ మూసుకుని వేసుకోవాలి.

నిలబెట్టడం: గాలి లెక్క

30 మైళ్ల వేగంతో వీచే గాలి చదరపు అడుగుకి దాదాపు 2.3 పౌన్లు నెడుతుంది. మన గోడలో కిటికీ, విరుపు పోగా మిగిలేది 43 చదరపు అడుగులు. అంటే దాదాపు 100 పౌన్ల తోపుడు, బోర్డు బరువేమో పదహారు లోపు. 40 మైళ్లకి అది 175 దాటుతుంది. నాలుగు ప్లాస్టిక్ మేకులతో ఆగే పని కాదు.

ఒక్కో షీటు వెనక రెండు నిలువు కర్రలు: బయటి అంచుకి 4 అంగుళాల లోపల ఒకటి, 22 అంగుళాల దగ్గర ఒకటి. ఆ షీటు అడుగున ఒక అడ్డకర్ర. జిగురు పెట్టి, ముందు నుంచి అతుకు గీతల్లో వాషర్ ఉన్న 3 అంగుళాల స్క్రూలు బిగించండి. తలలు లోపలికి దిగాక తేలిక స్పాకిల్ (గోడ చిల్లులు పూడ్చే ముద్ద) నింపి రంగు తాకించండి. రెండు షీట్లనీ జిగురుతో కలపకండి. కిటికీ కిందా పైనా అడ్డకర్రలు వేసి బోల్టులూ రెక్కల నట్లతో కలపండి. నవంబరులో విప్పి గరాజ్ గోడకి ఆనించాలంటే 4 అడుగుల వెడల్పే మిమ్మల్ని కాపాడుతుంది.

వెనక రెండు ఏటవాలు కర్రలు: గోడ మీద 5 అడుగుల ఎత్తు నుంచి, నేల మీద 5 అడుగుల వెనక్కి. వాటి అడుగునుంచి గోడ దాకా నేల మీద ఒక్కో కర్ర, దాని వెనక చివర మీద రెండేసి ఇసుక బస్తాలు. గాలి వెనక నుంచి వస్తే గోడ ముందుకు పడబోతుంది, అప్పుడు పట్టి ఉంచేవి ఆ బస్తాలే. నిలువు కర్రల పక్కన నాలుగు కడ్డీలు 18 అంగుళాల లోతుకి దింపి, పైపు క్లాంపులతో బిగించండి. కడ్డీ పైకొస ఎక్కడా తెరిచి ఉండకూడదు. చీకట్లో పడిన పిల్లవాడికి అది ఈటె. టెన్నిస్ బంతికి గాటు పెట్టి తొడగండి, లేదా ప్లాస్టిక్ టోపీలు కొనండి.

40 మైళ్ల గాలి వస్తుందని ఫోర్‌కాస్ట్ ఉంటే ఏ లెక్కా వద్దు, బోల్టులు విప్పి పడుకోబెట్టండి.

స్తంభాలు, రాళ్లు, తీగలు

మిసిసిప్పీలో పోర్ట్ గిబ్సన్ దగ్గర విండ్సర్ శిథిలాలని ఉన్నాయి. 1890లో ఇల్లు కాలిపోగా 23 కోరింథియన్ స్తంభాలు మాత్రం పొలాల మధ్య మిగిలాయి. గోడ లేకుండా స్తంభాలు ఎంత భయపెట్టగలవో వాటి ఫొటోలు చూస్తే తెలుస్తుంది. మనకి రెండు చాలు. ఒక గొట్టం 48 అంగుళాలు అలాగే ఉంచి పైకొస ఏటవాలుగా కోయండి. రెండోది 30 అంగుళాల దగ్గర కోసి, మిగిలిన 18 అంగుళాల ముక్కని దాని పక్కనే పడుకోబెట్టండి. పైన బోలు కనిపించకుండా ఫోమ్ బిళ్ల దోపి, విరిగిన రాయిలా గీకండి. ఇవి అట్ట గొట్టాలని మరిచిపోవద్దు. కోసిన అంచులకీ లోపల ఆరంగుళాల లోతుకీ రెండు పూతలు పడకపోతే మొదటి వానకే అడుగు ఉబ్బి అప్పడంలా పొరలు విడుతుంది. కడ్డీ దింపి, గొట్టం లోపల అడుగున బిగించిన చెక్క బిళ్ల రంధ్రంలోంచి దాన్ని పోనిచ్చి నిలబెట్టండి.

పడిన రాళ్లు 8×16 కొలతలోనే, మూడు పొరలు అతికించి ఆరు చేయండి. గోడ తగ్గిన కుడివైపు అడుగున పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్న ముక్కలు. ప్రతి రాయి కిందివైపూ రెండంగుళాలు వాలుగా కోసేస్తే నేలలోకి దిగబడినట్టు కూర్చుంటుంది. గడ్డి మీద చదునుగా కూర్చున్న రాయి నిన్న కొని తెచ్చినట్టుంటుంది. రాళ్ల సందుల్లో మీ చెట్ల ఎండాకులే పోయండి.

తీగలు నేల నుంచో అతుకుల్లోంచో పుట్టి పైకి పాకాలి, పండగ దండల్లా పై నుంచి వేలాడకూడదు. కిటికీలో చిరిగిన గుడ్డకి చీజ్‌క్లాత్ కొని, ఘాటుగా మరిగించిన టీ డికాషన్‌లో రాత్రంతా నానబెట్టి, పిండకుండా ఆరేయండి. సాగదీసే దూది సాలెగూళ్లు బయట పెట్టకండి, చిన్న పిట్టలూ తేనెటీగలూ చిక్కుకుంటాయి. పోర్చ్ లోపల సరే.

వెలుగు

గోడకి ఎదురుగా ఫ్లడ్ లైట్ పెడితే మీరు చెక్కిన ప్రతి గీతా మాయమవుతుంది. లైటు గోడకి పక్కన, నేలకి దగ్గరగా, గోడని రాసుకుంటూ పోయే కోణంలో ఉండాలి. అప్పుడే ప్రతి అతుకూ నీడ పడుతుంది. ఎడమ మూల దగ్గర చల్లని నీలం 10 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ ఒకటి, కిటికీ వెనక నేల మీద మినుకుమినుకుమనే పసుపు వెలుగు ఒకటి. రంగులు రెండే. ఊదా, ఆకుపచ్చ, ఎరుపు అన్నీ కలిపితే తిరునాళ్ల రంగులరాట్నం. నీలం వెలుగులో గోధుమ మరకలు నల్లబడతాయి, పాచి మసకబారుతుంది. అందుకే రంగు పని పూర్తవకముందే ఒక రాత్రి లైటు వేసి చూసుకోండి.

కిటికీలోంచి మీ గరాజ్ తలుపు కనిపిస్తే అంతా వృథా. గోడకి రెండడుగుల వెనక నల్లటి లాండ్‌స్కేప్ ఫ్యాబ్రిక్ (కలుపు రాకుండా నేల మీద పరిచే గుడ్డ) కట్టండి. చాలా పనిచేసే చవక చిట్కా ఇదే. పోర్చ్ లైటు ఆర్పేస్తే ఆ ఇంట్లో చాక్లెట్లు లేవని పిల్లలు దాటిపోతారు, వెలిగిస్తే గోడ వెలవెలబోతుంది. తక్కువ వాట్ల నారింజ బల్బు మార్చి వెలిగించే ఉంచండి.

వైర్లన్నీ బయట వాడకానికి చేసినవే ఉండాలి, జీఎఫ్‌సీఐ ప్లగ్గుకే (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసేది) పెట్టాలి, అతుకులు తడి గడ్డి మీద పడకుండా లేపి కప్పాలి. ఆ సాయంత్రానికి స్ప్రింక్లర్ టైమర్ ఆపేయండి. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజున వచ్చాయి, 2027లోనూ ఒకే వారంలో పడతాయి. కిటికీ అడుగు మీద ప్రమిదలు వరసగా పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. పాలీస్టైరీన్ ఒకసారి అంటుకుంటే నల్లటి పొగతో కరిగి కారుతూ కాలుతుంది. ప్రమిదలు గుమ్మం దగ్గర, మతాబులు డ్రైవ్‌వే చివర, శిథిలంలో బ్యాటరీ కొవ్వొత్తులు. గోడ మీద డ్రైలాక్ ఉందని ధైర్యం చేయొద్దు.

పొగమంచు

ఫాగ్ మెషిన్ నుంచి వేడిగా వచ్చే పొగ పైకి లేచి పోతుంది. నేల మీద పాకాలంటే చల్లబరచాలి. పాత ఐస్ కూలర్‌కి రెండు చివర్లా 4 అంగుళాల రంధ్రాలు చేసి, డ్రయ్యర్‌కి వాడే అల్యూమినియం గొట్టం తగిలించి, మధ్యలో జాలీ మీద 20 పౌన్ల ఐసు నింపండి. పొగ ఒకవైపు దూరి ఐసు మీదుగా రెండోవైపు రావాలి. మెషిన్ మూతిని గొట్టానికి గట్టిగా బిగించకుండా రెండు మూడు అంగుళాల సందు వదలండి, బయటి గాలి కలిస్తేనే పొగ సాగుతుంది. గొట్టం చివర రాళ్ల కుప్ప వెనక దాచండి. గాలి 5 మైళ్లు దాటితే ఏం చేసినా నిలవదు, ఆ రోజు మెషిన్ ఆపి లైట్లతో సరిపెట్టుకోండి. పొగలోని గ్లైకాల్ తేమ కాంక్రీటు మీద జారుడు పొర కడుతుంది, కాబట్టి దారి వైపు తిప్పకండి. ఉబ్బసం ఉన్న పిల్లలు వస్తున్నారని తెలిస్తే కాసేపు ఆపండి. ఐసుకి బదులు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) అనుకుంటే, అది మైనస్ 78 సెల్సియస్ డిగ్రీలు, చేత్తో ముట్టుకుంటే కాలినట్టే పుండవుతుంది. చిన్నపిల్లలు తిరిగే యార్డ్‌కి అది వద్దు.

31వ తేదీ సూర్యాస్తమయం డాలస్‌లో సుమారు 6:35కి, న్యూజెర్సీలో 5:55 ప్రాంతంలో. బుజ్జి పిల్లలు వెలుగుండగానే వచ్చేస్తారు. కాబట్టి లైట్లు ముందే వెలిగించి, ఫాగ్ మెషిన్‌ని పొద్దుగుంకాక మొదలుపెట్టండి. ఐసు రెండు గంటలకి కరిగిపోతుంది, ఫ్రీజర్‌లో ఇంకో బస్తా ఉంచుకోండి.

విప్పేటప్పుడు షీట్లని ఎండలో వదలకండి, రంగు లేని వెనకవైపు ఎండకి పసుపెక్కి పొడి రాలుతుంది. బోల్టులన్నీ ఒక జిప్ సంచిలో వేసి కుడి షీటు వెనకే టేపుతో అంటించండి. విరిగిన రాళ్లు పారేయక్కర్లేదు, వచ్చే ఏడాది కుప్పలోకి పనికొస్తాయి.